నీళ్ల తొట్టిలో పీఎల్‌ఐఎఫ్: స్క్రామ్‌జెట్ మంట దగ్గరికి వెళ్లే ముందు చేయాల్సిన కసరత్తు

ఫైనలియర్ ప్రాజెక్టులకు టాపిక్ వెతికే రోజులు వచ్చాయంటే చాలు, కానూరు నుంచి వడ్లమూడి దాకా మెకానికల్, ఏరోస్పేస్ పిల్లలు అడిగేది ఒకటే: “సార్, స్క్రామ్‌జెట్ లోపల మంటను లేజర్‌తో ఫొటో తీస్తారట కదా, ఆ పీఎల్‌ఐఎఫ్ మన కాలేజీలో చేయొచ్చా?” 2016 ఆగస్టు 28న ఇస్రో శ్రీహరికోటలో స్క్రామ్‌జెట్‌ను, అంటే ధ్వనిని మించిన వేగంతో లోపల పారే గాలిలోనే ఇంధనాన్ని మండించే ఇంజిన్‌ను, పరీక్షించింది. 2020 సెప్టెంబరు 7న డీఆర్‌డీవో స్క్రామ్‌జెట్‌తో నడిచే ప్రయోగాత్మక వాహనం హెచ్‌ఎస్‌టీడీవీని ఎగరేసింది. ఆ వార్తలు చదివిన వాళ్లకు ఈ ఆసక్తి పుట్టడం సహజమే. పీఎల్‌ఐఎఫ్ అంటే ప్లేనార్ లేజర్ ఇండ్యూస్డ్ ఫ్లోరసెన్స్, లేజర్ రేకు తగిలి అణువులు వెలిగితే ఆ వెలుగును ఫొటో తీసే పద్ధతి.

జవాబు సూటిగా చెప్తాను. మంటలో చేయలేరు. దానికి కావలసిన అతినీలలోహిత లేజరు, నానోసెకన్లలో తెరుచుకుని మూసుకునే కెమెరా ప్రాజెక్టు ఫండుతో వచ్చేవి కావు. కానీ ఇదే పద్ధతిని నీళ్ల తొట్టిలో, నీలం లేజరుతో, ఫోన్ కెమెరాతో చేయొచ్చు. ఒక ధార చుట్టూ ఉన్న నీళ్లతో ఎలా కలుస్తుందో అంకెల్లో కొలవొచ్చు. ఇంధనం గాలిలో ఎలా కలుస్తుందన్న ప్రశ్న కూడా ఈ కోవలోదే. పీఎల్‌ఐఎఫ్‌లో కష్టమంతా ఫొటో తీశాక దాన్ని సరిదిద్దడంలో ఉంటుంది. ఆ కష్టం తొట్టిలోనూ అంతే, మంటలోనూ అంతే. అందుకే ఇక్కడ చేయి తిరిగిన వాళ్లకు అక్కడ పెద్దగా తడబాటు ఉండదు.

థియరీ నాలుగు మాటల్లో: లేజర్ కాంతిని పల్చటి రేకులా పరిచి ప్రవాహంలోకి పంపుతాం. మనం ఎంచుకున్న అణువు ఆ కాంతిని పీల్చుకుని, కొంచెం ఎక్కువ తరంగదైర్ఘ్యంలో తిరిగి వెలుగుతుంది. లేజర్ రంగును ఫిల్టరుతో ఆపి, ఆ వెలుగునే కెమెరాకు చూపిస్తాం. మంటలో అది ఓహెచ్ (హైడ్రాక్సిల్). మన తొట్టిలో ఫ్లోరసీన్ అనే రంగు.

ఏమేం కావాలి

• 450 నానోమీటర్ల నీలం లేజర్ మాడ్యూల్, 50 మిల్లీవాట్ల లోపుది. చెక్క మీద పేర్లు చెక్కే ఎన్‌గ్రేవర్ల నుంచి ఊడదీసిన వాట్ల లెక్క మాడ్యూల్ మాత్రం వద్దు. 500 మిల్లీవాట్లు దాటితే అది క్లాస్ 4, లేజర్లలో అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతి. గోడ మీద పడిన మచ్చను దగ్గర నుంచి చూసినా కంటికి ప్రమాదమే.
• 450 నానోమీటర్లకు సరిపోయే నారింజ రంగు లేజర్ కళ్లద్దాలు, ఓడీ (కాంతిని ఆపే సామర్థ్యపు అంకె) 4 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవి. గదిలో ఎంతమంది ఉంటే అన్ని జతలు. ఒకే జత కొని వంతులేసుకుంటామంటే ఈ ప్రాజెక్టు మొదలుపెట్టకండి.
• కెమిస్ట్రీ ల్యాబ్‌లో కలపడానికి వాడే గాజు కడ్డీ, సుమారు 6 మిల్లీమీటర్ల మందం.
• పలకలు అతికించి చేసిన అక్వేరియం, 30×20×20 సెంటీమీటర్లది. అచ్చు పోసిన గుండ్రటి తొట్టి పనికిరాదు, ఫొటో వంకరపోతుంది.
• ఫ్లోరసీన్ సోడియం పొడి, 100 మిల్లీగ్రాములు చాలు. ల్యాబ్ కెమికల్స్ షాపుల్లో అడగండి. కంటి రెటీనా పరీక్షల్లో వాడేది కూడా ఇదే.
• లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లున్న ఇత్తడి నాజిల్. ఆటోనగర్‌లో ఏ లేత్ వాళ్లకు డ్రాయింగ్ ఇచ్చినా తిప్పి ఇస్తారు. చివర బర్ (గరుకు అంచు) లేకుండా నున్నగా తీయమని గట్టిగా చెప్పండి.
• ఎత్తులో పెట్టడానికి బకెట్టు, అక్వేరియం పైపు, పైపును నొక్కే క్లాంపు.
• రా ఫొటో (కెమెరా సొంత మార్పులేవీ చేయని ముడి ఫైలు) తీయగలిగే ఫోన్ లేదా కెమెరా, ట్రైపాడ్.
• లేజరును ఆపే ఫిల్టర్. 500 నానోమీటర్ల పైన మాత్రమే పంపే పసుపు లేదా నారింజ ఫిల్టర్ కావాలి. దొరక్కపోతే, మీ లేజర్ కళ్లద్దాలు ఆకుపచ్చను ఆపనివైతేనే, ఇంకో జత కొని ఒక అద్దం లెన్సు ముందు బిగించండి.
• నల్ల గుడ్డ, స్టీలు స్కేలు, వంట సోడా, ఒక చుక్క పాలు.

ఫ్లోరసీన్ బదులు పసుపు వాడొచ్చా అని కూడా అడుగుతుంటారు. పసుపు నీలం కాంతికి వెలుగుతుంది, నిజమే. కానీ నీళ్లలో సరిగా కరగదు. నలకలు మిగిలి లేజరును చెదరగొడతాయి, కాసేపటికి అడుగున పేరుకుంటాయి. పసుపు హైలైటర్ ఇంకు సెటప్ కుదిరిందో లేదో చూసుకోవడానికి పనికొస్తుంది, కొలతలకు మాత్రం పనికిరాదు. హోలీ రంగుల జోలికి వెళ్లకండి, వాటిలో ఏం కలిపారో ఎవరికీ తెలియదు. రోడమైన్-బి అయితే ఆకుపచ్చ లేజరు కింద బాగా వెలుగుతుంది. కారంపొడి కల్తీల్లో పట్టుబడే రంగుల్లో అదీ ఒకటి, గుంటూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. అయితే దాని వెలుగు ఒక్కో డిగ్రీకి సుమారు 2 శాతం మారిపోతుంది. మన ఎండల్లో దాంతో గాఢత కొలవబోతే మీరు కొలిచేది ఉష్ణోగ్రతే.

ఎలా చేయాలి

1. ముందురోజే నీళ్లు పట్టి పెట్టండి.

అందరూ తేలిగ్గా తీసుకునే దశ ఇది. సగం ప్రాజెక్టులు పాడయ్యేది కూడా ఇక్కడే. కుళాయి నీళ్లలో ఉండే క్లోరిన్ ఫ్లోరసీన్ వెలుగును తినేస్తుంది. పొద్దున ఒక విలువ, మధ్యాహ్నం ఇంకో విలువ వస్తుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. ఆర్ఓ నీళ్ల క్యాన్ తెచ్చుకుంటే ఈ గొడవ ఉండదు. కుళాయి నీళ్లే దిక్కయితే మూత లేని బకెట్లలో ఒక రాత్రి వదిలేయండి. గాలి బుడగలు కూడా పోతాయి, లేకపోతే అవి తొట్టి గాజుకు అతుక్కుని ఫొటోలో నక్షత్రాల్లా మెరుస్తాయి.

రెండో సంగతి వేడి. బెజవాడ ఎండకు డాబా మీది ట్యాంకు నీళ్లు ఎలా కాగుతాయో తెలిసిందే. ధారకు ట్యాంకు నీళ్లు, తొట్టికి క్యాన్ నీళ్లు వాడితే వేడి నీళ్లు పైకి తేలిపోతాయి, కిందికి పోవాల్సిన ధార మధ్యలోనే విచ్చుకుంటుంది. తొట్టి నీళ్లూ ధార నీళ్లూ ఒకే గదిలో రాత్రంతా ఉండాలి. మొదలుపెట్టే ముందు థర్మామీటరుతో చూడండి, తేడా అర డిగ్రీ లోపు ఉంటే ముందుకు వెళ్లండి.

2. రంగు ద్రావణం కలపండి.

100 మిల్లీగ్రాముల ఫ్లోరసీన్‌ను లీటరు నీళ్లలో కరిగించండి. ఇది మూల ద్రావణం. నల్ల కాగితం చుట్టిన సీసాలో దాచండి, వెలుతురు తగిలితే పాడవుతుంది. ఇందులోంచి 1 మిల్లీలీటరు తీసి లీటరు నీళ్లలో కలిపితే లీటరుకు 0.1 మిల్లీగ్రాము వస్తుంది. ధారకు ఇది చాలు.

“ఇంత పల్చగానా?” అనిపిస్తుంది. చిక్కగా కలిపితే ఫొటో అందంగా వస్తుంది, లెక్క తప్పుతుంది. ధారలో ముందుండే రంగే లేజరును పీల్చేసుకుంటే అవతలి వైపుకు కాంతి చేరదు, అక్కడ రంగు లేదని మీరు పొరబడతారు.

ధార నీళ్లలోనూ తొట్టి నీళ్లలోనూ లీటరుకు చిటికెడు చొప్పున వంట సోడా వేయండి. ఫ్లోరసీన్ ఆమ్లంలో మసకబారుతుంది, పీహెచ్ 8 దాటితే నిలకడగా వెలుగుతుంది. రెండింటి పీహెచ్ ఒకటే ఉండాలి. లేదంటే కలిసిన చోట వెలుగు ఎందుకు మారిందో తేల్చుకోలేరు.

3. నాజిల్ బిగించి, ప్రవాహం కొలవండి.

నాజిల్‌ను పై నుంచి కిందికి, మొన నీటి మట్టానికి 2 సెంటీమీటర్ల లోతులో ఉండేలా బిగించండి. ఉత్త నీళ్లతో క్లాంపును సవరిస్తూ 15 సెకన్లలో 60 మిల్లీలీటర్లు పడేలా చూసుకోండి. 5 మిల్లీమీటర్ల నాజిల్‌కు అది సెకనుకు 20 సెంటీమీటర్ల వేగం. నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటే రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం నున్నగా ఉంటుందో కల్లోలమవుతుందో చెప్పే అంకె) 1250 చుట్టూ వస్తుంది. ధార మొదట నున్నగా దిగి, కొంత దూరం పోయాక మెలికలు తిరుగుతుంది.

4. లేజర్ రేకు తయారు చేయండి.

కళ్లద్దాలు ముందు పెట్టుకోండి, స్విచ్ తర్వాత. ఉంగరాలు, వాచీలు తీసేయండి. లేజరును బల్లకు స్క్రూలతో బిగించండి, చేత్తో పట్టుకుని ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించొద్దు. తొట్టి అవతల నల్ల గుడ్డ వేయండి. తొట్టి గాజు మీద నుంచి వెనక్కి వచ్చే ప్రతిబింబం ఎక్కడ పడుతుందో, కళ్లద్దాలు తీయకుండా ఫోన్ కెమెరాలో చూస్తూ, తెల్ల కాగితంతో వెతికి, అక్కడా ఓ గుడ్డ వేయండి. గది తలుపుకు బయట కాగితం అంటించి లోపల గడియ పెట్టండి.

గాజు కడ్డీని లేజరు ముందు అడ్డంగా, నేలకు సమాంతరంగా పెడితే కాంతి నిలువు రేకులా విచ్చుకుంటుంది. తొట్టి ఉండే చోట గ్రాఫ్ కాగితం పెట్టి రేకు మందం చూడండి. 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటే సంతోషించండి. రేకు నాజిల్ మధ్యగా పోవాలి. ఫోన్ కెమెరాలో చూస్తే నాజిల్ మొన మీద సన్నటి నీలం గీత సరిగ్గా నడిమిన కనిపిస్తే కుదిరినట్టే.

5. కెమెరా కుదర్చండి.

రేకుకు లంబంగా ట్రైపాడ్ పెట్టండి. లేజర్ ఆపి, స్టీలు స్కేలును నీళ్లలో, రేకు ఉండే చోటే నిలబెట్టి ఫోకస్ చేయండి. అదే స్కేలు ఫొటోతో పిక్సెల్‌కు ఎన్ని మిల్లీమీటర్లో కడతారు. స్కేలును గాలిలో పెట్టి ఫొటో తీస్తే వక్రీభవనం వల్ల లెక్క తప్పుతుంది.

ఫోకస్, ఐఎస్ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ అన్నీ మాన్యువల్‌లో లాక్ చేయండి. హెచ్‌డీఆర్, నైట్ మోడ్, బ్యూటీ మోడ్ ఆపేయండి. ఫొటో రాలోనే తీయాలి. జేపీఈజీలో వెలుగు రెట్టింపైతే అంకె రెట్టింపు కాదు, ఫోన్ తనకు నచ్చినట్టు మారుస్తుంది. షట్టర్ సెకనులో 500వ వంతుకు తేగలిగితే ఆ లోపు ధార 0.4 మిల్లీమీటర్లే కదులుతుంది. వెలుగు చాలకపోతే 250వ వంతుకు దిగండి, ఫొటో కాస్త మసకగా వస్తుందని తెలిసే దిగండి.

6. ఫిల్టరును పరీక్షించండి.

రంగు లేని ఉత్త నీళ్లలో ఒక చుక్క పాలు కలపండి. లేజర్ వేస్తే ఫిల్టర్ లేని కెమెరాలో నీలం రేకు దట్టంగా కనిపిస్తుంది. ఫిల్టర్ పెట్టిన కెమెరాలో మాత్రం నల్లగా ఉండాలి. ఏమాత్రం కనిపించినా రెండే కారణాలు: ఫిల్టర్ నీలాన్ని వదులుతోంది, లేదా నీలం తగిలి ఫిల్టరే వెలుగుతోంది. రెండో దానికి ఇంకో ఫిల్టర్ ముందు పెట్టి చూడండి. ఈ పరీక్ష దాటకుండా రంగు సీసా మూత తీయకండి. తర్వాత తొట్టి కడిగి కొత్త నీళ్లు పోయండి.

7. మూడు రకాల ఫొటోలు తీయండి.

మొదటిది బ్యాక్‌గ్రౌండ్: ఉత్త నీళ్లు, లేజర్ వేసి, 50 ఫొటోలు. రెండోది అసలు ధార: రంగు వదిలి, ధార కుదురుకున్నాక, 30 సెకన్ల లోపు ఎన్ని వస్తే అన్ని. అంతకు మించి నడిపితే తొట్టి మొత్తం రంగెక్కి బ్యాక్‌గ్రౌండ్ మారిపోతుంది. 30 సెకన్లలో 120 మిల్లీలీటర్లు పడతాయి, 12 లీటర్ల తొట్టికి అది 1 శాతం, భరించొచ్చు. ఇంకా ఫొటోలు కావాలంటే నీళ్లు మార్చి మళ్లీ మొదలుపెట్టండి.

మూడోది ఫ్లాట్: తొట్టి నీళ్లు పారబోసి, 12 లీటర్ల కొత్త నీళ్లలో మూల ద్రావణం 2.4 మిల్లీలీటర్లు కలిపి, బాగా కలియబెట్టి, నిలకడయ్యాక 50 ఫొటోలు. ఇప్పుడు తొట్టి అంతటా లీటరుకు 0.02 మిల్లీగ్రాము ఉంది. అయినా ఫొటో అంతటా ఒకేలా ఉండదు. మధ్యలో వెలుగు, అంచుల్లో చీకటి, కడ్డీ మీది గీతల వల్ల చారలు కనిపిస్తాయి. అవన్నీ మీ లేజరు, లెన్సు లోపాలు. వాటిని పట్టుకోవడానికే ఈ ఫొటో. మూడు రకాలు తీసేంత వరకు లేజరును, కెమెరాను, తొట్టిని మిల్లీమీటరు కూడా కదపకూడదు. బల్లకు ఆనుకుని నిలబడే స్నేహితుణ్ణి బయటికి పంపండి.

8. సరిదిద్దండి.

రా ఫైలులోంచి ఆకుపచ్చ చానల్ మాత్రమే తీసుకోండి, ఫ్లోరసీన్ వెలుగు ఎక్కువగా అందులోనే ఉంటుంది. పైథాన్ అయినా, ఉచితంగా దొరికే ఇమేజ్‌జే అయినా సరే. ముందుగా 50 బ్యాక్‌గ్రౌండ్‌ల సగటు, 50 ఫ్లాట్‌ల సగటు కట్టండి. తర్వాత ప్రతి ధార ఫొటోకు:

సాపేక్ష గాఢత = 0.2 × (ధార − బ్యాక్‌గ్రౌండ్) ÷ (ఫ్లాట్ − బ్యాక్‌గ్రౌండ్)

0.2 అనేది ఫ్లాట్ గాఢతను ధార గాఢతతో భాగిస్తే వచ్చేది, 0.02 ÷ 0.1. మీరు వేరే గాఢతలు వాడితే ఇది మారుతుంది. రేకు అంచుల్లో ఫ్లాట్, బ్యాక్‌గ్రౌండ్ దాదాపు సమానంగా ఉండి భాగహారం పిచ్చి అంకెలిస్తుంది. ఆ భాగాన్ని కత్తిరించేయండి.

9. నీళ్లు పారబోయడం.

పల్చటి నీళ్లు ల్యాబ్ సింకులో పోయొచ్చు. మిగిలిన మూల ద్రావణాన్ని మాత్రం ల్యాబ్ ఇన్‌చార్జికి అప్పగించండి. తమాషాకని బందరు కాలవలో పోస్తే నీళ్లు పచ్చగా మెరుస్తాయి, ఆ తర్వాత ఎవరికి జవాబు చెప్పాలో మీరే చూసుకోవాలి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

నాజిల్ మొన దగ్గర, ధార మధ్యలో విలువ 1 రావాలి. అక్కడ ఇంకా ఏమీ కలవలేదు కాబట్టి వేరే దారి లేదు. 0.8 వస్తే ఫ్లాట్ ద్రావణం కలపడంలో తేడా వచ్చింది, లేదా ధార ఫొటోలో పిక్సెళ్లు నిండిపోయి గరిష్ఠ విలువ దగ్గరే ఆగిపోయాయి. 10 బిట్ రా అయితే 1023 కొట్టిన పిక్సెల్ ఒక్కటి కూడా ఉండకూడదు. నిండిన పిక్సెళ్లు కనిపిస్తే షట్టర్ తెరిచి ఉండే సమయం తగ్గించి మూడు రకాలూ మళ్లీ తీయండి, ఒక్క ధారను తీస్తే కుదరదు.

ధారకు దూరంగా విలువ సున్నా చుట్టూ ఆడుతుండాలి. అంతటా మైనస్‌లో ఉంటే బ్యాక్‌గ్రౌండ్ తీశాక ఏదో మారింది, ఎక్కువగా కిటికీ కర్టెనే.

నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇది: ధార గాఢతను సగానికి తగ్గించి, అంటే లీటరుకు 0.05 మిల్లీగ్రాముతో, మొత్తం మళ్లీ చేయండి. సూత్రంలో 0.2 బదులు 0.4 వాడండి. సాపేక్ష గాఢత సగటు పటం మారకూడదు. లేజరుకు అవతలి వైపున విలువలు పెరిగాయంటే, మొదటిసారి రంగు లేజరును పీల్చేసిందని అర్థం. రెండు పటాలూ సరిపోయాయంటే ఎగ్జామినర్ ఎన్ని ప్రశ్నలేసినా టెన్షన్ పడక్కర్లేదు.

ఇంకొంచెం ముందుకు వెళ్లాలంటే ప్రవాహాన్ని సెకనుకు 10 మిల్లీలీటర్లకు పెంచి, ఒక్కో విడతను 12 సెకన్లకు కుదించి, చాలా ఫొటోల సగటు కట్టండి. ధార పూర్తిగా కల్లోలంగా మారాక, నడిరేఖ మీది గాఢత దూరంతో విలోమంగా పడాలి. గాఢత తలకిందుల విలువను దూరానికి ఎదురుగా గీస్తే నాజిల్‌కు దూరంగా సరళరేఖ రావాలి. నాజిల్ దగ్గరి భాగం రేఖ మీద పడదు, దాన్ని బలవంతంగా కలపొద్దు.

మంట దగ్గరికి వెళ్లినప్పుడు ఏం మారుతుంది?

ఐఐటీ మద్రాస్‌లోని దహన పరిశోధన కేంద్రానికో, బెంగళూరు ఐఐఎస్సీకో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లే వాళ్ల కోసం ఈ భాగం. ఓహెచ్ పీఎల్‌ఐఎఫ్‌లో ఎన్‌డీ-యాగ్ అనే పల్సుల లేజర్ ఇచ్చే 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతితో రంగు లేజరును (డై లేజర్, అంటే రంగు ద్రావణంతో కాంతినిచ్చేది) నడుపుతారు. అందులో తరచూ వాడేది రోడమైన్ కుటుంబపు రంగే. దాని నుంచి వచ్చే 566 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యాన్ని సగం చేసి 283 దగ్గరికి తెస్తారు. ఓహెచ్ తిరిగి వెలిగేది 310 చుట్టూ. మామూలు గాజు 283ను పోనివ్వదు, అందుకే కిటికీలు, లెన్సులు అతినీలలోహిత కాంతిని పోనిచ్చే ఫ్యూజ్డ్ సిలికావి పెడతారు. ఈ కాంతి కంటికి కనిపించదు కాబట్టి, ప్రతిబింబాలు వెతికే మీ అలవాటు అక్కడ పది రెట్లు అవసరం.

పాల చుక్క పరీక్షకు అక్కడి రూపం, లేజర్ తరంగదైర్ఘ్యాన్ని ఓహెచ్ పీల్చుకునే గీత మీద నుంచి కొద్దిగా పక్కకు జరిపి ఫొటో తీయడం. జరిపాక కూడా మిగిలిన వెలుగు ఓహెచ్‌ది కాదు, చెదిరిన లేజరుదో ఇంకో అణువుదో. లేజరును పూర్తిగా ఆపి కూడా ఒక ఫొటో తీయాలి, ఎందుకంటే మంట తనంతట తానే 308 దగ్గర వెలుగుతుంది, ఫిల్టర్ దాన్ని ఆపలేదు. కెమెరాను 100 నానోసెకన్ల లాంటి చిన్న వ్యవధికే తెరిచేది ఆ వెలుగును తగ్గించడానికి. కదలికను ఆపేది మాత్రం కెమెరా కాదు, లేజర్ పల్సే. సెకనుకు 1500 మీటర్ల ప్రవాహం 10 నానోసెకన్లలో కదిలేది మిల్లీమీటరులో 100వ వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే.

అదే లేజర్ సెకనుకు 10 సార్లు మాత్రమే వెలిగేదైతే, ఒక ఫొటోకు ఇంకో ఫొటోకు మధ్య ఆ ప్రవాహం 150 మీటర్లు దాటిపోతుంది. వరుస ఫొటోలను అతికించి మంట ఇలా కదిలిందని వీడియో చేయడం తప్పు. ఒక్కో ఫొటో విడిగా తీసిన నమూనా. కదలిక కావాలంటే సెకనుకు వేల పల్సులిచ్చే లేజర్ కావాలి.

ఒక్క విషయంలో మాత్రం తొట్టి అలవాటును వదిలేయాలి. తొట్టిలో వెలుగు అంటే గాఢతే. మంటలో ఓహెచ్ వెలుగు ఉష్ణోగ్రతతో, పీడనంతో, చుట్టూ ఉన్న అణువులు ఢీకొని వెలుగును చంపేయడంతో మారుతుంది. స్క్రామ్‌జెట్‌లో షాక్‌లు (పీడనం ఒక్కసారిగా పెరిగే అలలు) ఒక్కో చోట పీడనాన్ని ఒక్కోలా మారుస్తాయి. అందుకని వెలుగు ఎక్కువున్న చోట ఓహెచ్ ఎక్కువుందని రంగుల స్కేలు మీద గాఢత అంకెలు వేయకండి, ‘సిగ్నల్’ అని రాయండి. ఓహెచ్ కాలిన వేడి వాయువుల్లో కూడా చాలాసేపు ఉంటుంది. మెరిసిన చోటల్లా మంట లేదు. మంట అంచు సాధారణంగా సిగ్నల్ ఒక్కసారిగా పెరిగే గీత దగ్గర ఉంటుంది.

ఇంటర్న్‌షిప్‌కు మెయిల్ రాసేటప్పుడు రంగుల పటం ఒక్కటే పంపకండి. సరిదిద్దని ధార ఫొటో, బ్యాక్‌గ్రౌండ్, ఫ్లాట్, సరిదిద్దిన ఫొటో నాలుగూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి, కింద సగం గాఢత పరీక్ష గ్రాఫు జతచేయండి.